నేర్చిన అక్షరానికి ఇంట్లో పని

జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి దసరా సెలవుల దాకా ఒకటో తరగతి పిల్లలకు మొదటి టర్మ్. వానలు, జ్వరాలు, వినాయక చవితి పోగా నికరంగా మిగిలేవి మూడు నెలలు. ఆ మూడు నెలలకూ ఇంట్లో అడిగే లెక్క మాత్రం గట్టిదే. నోట్సులో ఎన్ని పేజీలు నిండాయి, అంకెలు వంద దాకా వచ్చాయా, పక్కింటి పిల్ల గడగడా చెప్పే రైమ్ మనవాడి నోట ఎందుకు రావడం లేదు? సెలవులకు ముందు ప్రోగ్రెస్ కార్డు వస్తే ఆ లెక్కకు ముద్ర పడుతుంది. మార్కులు తక్కువైతే ట్యూషన్, మరీ తక్కువైతే రెండు దెబ్బలు. ఈ లెక్కే తప్పని నా వాదన. ఆరేళ్ల పిల్లలు ఒక టర్మ్‌లో నేర్చుకునేదాంట్లో కాగితం మీదికి ఎక్కేది కొంచెమే. ఆ కొంచెమైనా నిలబడాలంటే ఇంటిని రెండో బడిగా మార్చినంత మాత్రాన కుదరదు. బడిలో నేర్చినదానికి ఇంట్లో ఏదో ఒక పని దొరకాలి.

కాగితానికి ఎక్కనిదేమిటో ముందు చూద్దాం. పేరు పెట్టి పిలిస్తేనే పలికే పిల్లవాడు, ముప్పై మందిని ఉద్దేశించి టీచర్ అన్న మాట తనక్కూడా అని గ్రహించడమే పెద్ద పాఠం. తన వంతు వచ్చేదాకా ఆగడం, మొదలుపెట్టిన బొమ్మకు చివరిదాకా రంగు వేయడం, టాయిలెట్‌కి వెళ్లాలని కొత్త మనిషిని అడగడం కూడా చదువే. 'కమల' అన్న మాటను మూడు చప్పట్లుగా విడదీయడం, రాత ఎడమ నుంచి కుడికి నడుస్తుందని తెలియడం, ఐదు అంటే నాలుగు తర్వాత పాడే మాట మాత్రమే కాదని, గింజలైనా గోళీలైనా అన్నే ఉంటాయని తెలియడం ఇంకొంచెం లోతైన చదువు. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన 'విద్యాప్రవేశ్' ఒకటో తరగతిలో మొదటి మూడు నెలలను ఆటపాటల సన్నాహానికే కేటాయించింది. అదే ఏడాది మొదలైన 'నిపుణ్ భారత్' ఒకటో తరగతి ముగిసేనాటికి పెట్టిన గురి, నాలుగైదు సులువైన మాటలున్న చిన్న వాక్యాన్ని చదవగలగడం, 99 వరకు అంకెలు చదివి రాయగలగడం. అది ఏడాది చివరి మాట. దసరాకే అది అందలేదని కంగారు పడే ఇల్లు ప్రభుత్వం కంటే ఆరు నెలలు ముందు పరుగెడుతోందన్నమాట.

ఇప్పుడు తొందరపడకపోతే తర్వాత వెనకబడిపోరా అని అడిగేవారి చేతిలో బలమైన ఆధారమే ఉంది. గ్రామీణ భారతంలో 2024లో జరిగిన 'అసర్' సర్వేలో, రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 27 శాతమే. ఈ అంకె చూసి భయపడటం న్యాయమే. కానీ మిగిలిన పిల్లలు రాయనందువల్ల వెనకబడ్డారా? వాళ్ల నోట్సులూ నిండే ఉంటాయి. బోర్డు మీదున్న గీతలను చూసి అవే గీతలు గీయడం కంటికి, చేతికి సంబంధించిన పని. అక్షరానికీ చప్పుడుకూ లంకె కుదరకపోయినా అది నడిచిపోతుంది. పది పేజీల చూచిరాత నింపిన పిల్ల, అందులోని ఒక్క మాట వేరేచోట కనిపిస్తే పోల్చుకోలేకపోవచ్చు. వెనకబడటం మొదలయ్యేది అక్కడే. మరో పది పేజీలు రాయిస్తే అది తీరదు.

పైగా మన లిపి నిదానంగా వచ్చే లిపి. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలైతే మనకు యాభై ఆరే కదా అనుకుంటాం. ప్రతి హల్లుకూ గుణింతం, ఆపైన వత్తులు కలిస్తే పిల్లలు గుర్తుపట్టాల్సిన రూపాలు వందలకు చేరతాయి. మన లిపికి తోబుట్టువులాంటి కన్నడ లిపిని పిల్లలు ఎలా నేర్చుకుంటారో సోనాలీ నాగ్ పరిశోధించి 2007లో ప్రచురించారు. అక్షరాల మీద పట్టు మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతూనే ఉంటుందని అందులో తేలింది. తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లలకు బాగా దగ్గరైన మాటలు అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త. అన్నిటికీ వత్తులే! బడిలో వత్తుల పాఠం సాధారణంగా చివర్లో వస్తుంది. కాబట్టి మొదటి టర్మ్‌లో ఇంట్లో పిల్లల కంటికి ఏ మాటలు చూపిస్తామన్నది ముఖ్యం. వంటింట్లో కారం, పసుపు, శనగలు, మినుములు అని డబ్బాల మీద చీటీలు అంటించి, కావలసిన డబ్బా తెమ్మని అడగవచ్చు. పప్పు, ఉప్పు, బియ్యం సంక్రాంతి తర్వాత చూసుకోవచ్చు. బస్టాండులో కడప, విజయవాడ, హనుమకొండ బోర్డులు కనబడితే చదవమనవచ్చు; నెల్లూరు, సిద్దిపేట దగ్గర ఆగిపోతే ఆ మాట మనమే చెప్పేయాలి. శనగల డబ్బా అడిగితే మినుముల డబ్బా తెచ్చిన పిల్లవాడికి తన తప్పు తనకే తెలుస్తుంది. ఎర్ర ఇంకు సున్నా చెప్పలేనిది అదే.

లెక్కల్లో ఈ లంకె అవసరం ఇంకా ఎక్కువ. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో అమ్మకాలు చేసే పిల్లలను పరిశీలించి 2025లో 'నేచర్' పత్రికలో రాశారు. బేరం, చిల్లర, మొత్తం ధర మనసులోనే కట్టి చెప్పగల ఆ పిల్లలు, అలాంటి లెక్కనే పుస్తకంలోలా అడిగితే తడబడ్డారు. బడి లెక్కలు వచ్చిన పిల్లలు మార్కెట్ లెక్క దగ్గర తడబడ్డారు. రెండు చదువులూ పక్కపక్కనే ఉండి కూడా వాటంతట అవి కలవలేదు. అంతకుముందు ఢిల్లీలో బడి ఈడు రాని పిల్లలతో నెలల తరబడి లెక్కల ఆటలు ఆడించినా అంతే. సంఖ్యల పట్ల వాళ్ల సహజమైన అంచనా మెరుగై నిలిచింది కానీ, బడి లెక్కల్లో ఆ తేడా కనిపించలేదు. అంటే ఆటలు ఆడించి ఊరుకున్నా లాభం లేదు, అంకెలు రాయించి ఊరుకున్నా లాభం లేదు. రెంటినీ ఒకచోట కూర్చోబెట్టాలి. కిరాణా కొట్లో పది రూపాయలిచ్చి ఆరు రూపాయల వస్తువు కొన్నాక, చేతిలో మిగిలిన నాలుగును ఇంటికొచ్చి పలక మీద 10 - 6 = 4 అని రాయడం అలాంటి పనే. వైకుంఠపాళిలో పాము మింగినప్పుడు ఏ గడి నుంచి ఏ గడికి జారామో అంకెలు పైకి చదవడమూ అంతే.

ఇక్కడ ఇంగ్లీషు మీడియం ప్రశ్న వస్తుంది. బడిలో అంతా ఇంగ్లీషు, ఇంట్లో తెలుగులో లెక్కపెడితే పిల్లలు గందరగోళపడరా అని. నిజానికి తెలుగు లెక్క ఈ వయసుకు అనుకూలం. పదకొండు, పన్నెండు కాస్త మెలిక పడ్డా, పదమూడు అన్నప్పుడు పది ముందు, మూడు వెనక వినిపిస్తాయి, 13 అని రాసే వరుసలోనే. థర్టీన్‌లో మూడు ముందొస్తుంది. ఫోర్టీన్, ఫార్టీ చెవికి ఒకేలా ఉంటాయి. సంఖ్యల పేర్లలో పదులు స్పష్టంగా వినిపించే చైనా, జపాన్, కొరియా భాషల పిల్లలకు స్థాన విలువ తేలిగ్గా పట్టుబడుతున్నట్టు కొన్ని పరిశోధనలు సూచించాయి. గింజలను పదుల కుప్పలుగా పెట్టి తెలుగులో లెక్కించి, అదే అంకెకు ఇంగ్లీషు పేరు పక్కన చేరిస్తే రెండు భాషలూ లాభపడతాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషు రాని తల్లి తెలుగు పేజీ దగ్గర కూర్చోవచ్చు.

అసలు చదువే రాని తల్లి మాటేమిటి? బిహార్, రాజస్థాన్ గ్రామాల్లో కొందరు తల్లులకు అక్షరాలు నేర్పారు, కొందరికి ఇంట్లో పిల్లల చదువుకు ఎలా తోడ్పడాలో మాత్రమే చూపించారు, కొందరికి రెండూ చేశారు. ఎవరికేమి అందాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించిన ఆ అధ్యయనం 2017లో అచ్చయింది. మూడు రకాల్లోనూ పిల్లల లెక్కలు మెరుగుపడ్డాయి. మెరుగుదల స్వల్పమే, గొప్పగా చెప్పుకోవడానికి లేదు. అయినా తోడ్పడే తీరు చూపించడం కూడా తల్లికి అక్షరం నేర్పినట్టే ఫలితమిచ్చిందన్నది గమనించదగ్గది. పొద్దున కూలికో డ్యూటీకో వెళ్లి రాత్రి వచ్చేవారికి సమయం లేదన్న అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. అందుకే పైన చెప్పినవన్నీ ఎలాగూ జరిగే పనుల మధ్యనే ఇమిడేవి. వాటికి వేరే గంట అక్కర్లేదు.

బడే కట్టలకొద్దీ హోంవర్క్ ఇస్తే ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దంది. అంతకు రెండేళ్ల ముందే మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఇవ్వరాదని ఆదేశించింది. అయినా డైరీ నిండుగానే వస్తుంది. బడితో రోజూ తగువు పెట్టుకోమని నేననను. ఒకటి మాత్రం మానుకోవాలి: పిల్లల చేయి పట్టి రాయించడం, తప్పులన్నీ చెరిపి అందంగా దిద్దించి పంపడం. తిరగబడ్డ అంకె, తప్పిన గుడి టీచర్‌కి కావలసిన సమాచారం. ఇంట్లోనే దాన్ని మాయం చేస్తే, ఆ పిల్లకు ఏం రాలేదో టీచర్‌కి తెలిసే దారి మూసుకుపోతుంది.

నిజానికి ఈ టర్మ్‌లో సాధన చేయాల్సింది పెద్దవాళ్లు కూడా. ప్రశ్న అడిగాక జవాబు కోసం టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు నిడివిలోనూ ఆలోచనలోనూ మెరుగవుతాయని అమెరికాలో మేరీ బడ్ రో 1970లలో చూపించారు. మన ఇళ్లలో ఆ ఒక్క సెకను కూడా ఉండదు. చుట్టాలు వచ్చినప్పుడు 'ఏదీ, పద్యం చెప్పు' అంటాం. వాడు నోరు తెరిచేలోపే మొదటి మాట మనమే అందిస్తాం. అలా అందించిన ప్రతిసారీ జవాబు తన లోపలి నుంచి కాక ఎదుటివారి ముఖం నుంచి వస్తుందని పిల్లవాడు నేర్చుకుంటాడు. ఆగడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పోలికల మధ్య పెరిగిన మనకు అది అంత తేలిగ్గా పట్టుబడదు.

ఆగడమంటే కళ్లు మూసుకోవడం కాదు. బోర్డు చూడటానికి కళ్లు చికిలించే పిల్లకు కళ్లద్దాలు కావాలేమో, వెనక నుంచి పిలిస్తే పలకనివాడికి చెవి పరీక్ష కావాలేమో చూడాల్సిందే. చెవీ కన్నూ బాగుండి, రెండో టర్మ్ సగం గడిచినా రోజూ వినే మాటను చప్పుళ్లుగా విడదీయలేకపోతుంటే టీచర్‌తో విడిగా కూర్చోవాలి. పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకు ఎంతని అడిగితే ఒక అంకె చెప్పి పంపిస్తారు. 'చదివేటప్పుడు మావాడు ఎక్కడ ఆగిపోతున్నాడు, అక్కడ మీరేం చేస్తున్నారు, ఇంట్లో మేం ఏ మాటలు వాడితే మీకు సాయం?' అని అడిగితే, మంచి టీచర్ నోట్సు మూసేసి పిల్లవాడి గురించి మాట్లాడటం మొదలుపెడతారు.