నీళ్లు తేటపడ్డాయి, మరి మడ్డి?

ఆ రోజు ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్‌లో నా బీకరు నిండా నారింజ రంగు నీళ్లు. ఇనుము కరిగిన ఆ ఆమ్ల నీటిలో సున్నం కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్‌ను 3 నుంచి 9 దాకా తెచ్చాను. కాసేపటికి మడ్డి అడుక్కి దిగింది, పైన నీళ్లు తేటపడ్డాయి. "అయిపోయింది మేడమ్" అన్నాను. ఆవిడ బీకరు ఎత్తి చూసి, "పైది సరే, అడుగున ఉన్నది ఎక్కడ పోస్తావు?" అన్నారు. నేను నోరెత్తలేదు. అంతకుముందు వారం మడ్డిని సింకులో పోసింది నేనే మరి!

జవాబు వెతుకుతూ ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ దాకా వెళ్లాను, పుస్తకాల్లోనే లెండి. అక్కడి వీల్ జేన్ తగరపు గని 1991లో మూతపడింది. పంపులు ఆపేశారు, గని నీటితో నిండింది. 1992 జనవరిలో ఆ నీళ్లు ఒక్కసారిగా తన్నుకొచ్చి కార్నన్ నదిలో కలిశాయి. ఇనుము, జింకు, కాడ్మియం, ఆర్సెనిక్ మోసుకొచ్చిన ఆ నీళ్లతో నది నారింజ రంగుకు తిరిగింది.

కారణం మనకు తెలిసిన కెమిస్ట్రీయే. పైరైట్ అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. దానికి గాలి, నీరు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాళ్లలోని లోహాలను కరిగిస్తుంది. సున్నం కలిపితే ఆమ్లం విరిగి, లోహాలు హైడ్రాక్సైడ్లుగా అడుక్కి దిగుతాయి. అంటే లోహం ఎక్కడికీ పోలేదు, నీళ్లలోంచి మడ్డిలోకి మారిందంతే. ఆ మడ్డికి మళ్లీ ఆమ్లం తగిలితే తిరిగి కరుగుతుంది కూడా.

రెండో చిక్కు పరిమాణం. మడ్డిలో ఘనపదార్థం 2 శాతమే ఉందనుకోండి. 1 కిలో ఘనానికి 50 కిలోల మడ్డి, అందులో 49 కిలోలు నీళ్లే! అందుకే దిగిన మడ్డిలో కొంత వెనక్కి తెచ్చి, సున్నంతో కలిపి మళ్లీ ట్యాంకులోకి పంపుతారు. కొత్త రేణువులు పాతవాటి మీద పేరుకుని బరువెక్కుతాయి. ఘనం 20 శాతానికి చేరితే అదే 1 కిలోకి 5 కిలోల మడ్డే. దీన్నే హై డెన్సిటీ స్లడ్జ్ పద్ధతి అంటారు.

వీల్ జేన్‌లోనూ 2000 నుంచి సున్నంతో శుద్ధి చేసే ప్లాంటు నడుస్తోంది. మడ్డిని గని దగ్గరే ఉన్న పాత టెయిలింగ్స్ డ్యామ్‌కు పంపుతున్నారు. తగరం తవ్వడం ఆగి 30 ఏళ్లు దాటినా సున్నం ఖర్చు ఆగలేదు. డ్యామ్‌లో చోటు మాత్రం రోజురోజుకూ తగ్గేదే.

నా రికార్డులో "నీరు శుద్ధి అయింది" అన్న వాక్యం కొట్టేశాను. మడ్డి ఎంత, అందులో నీరెంత, చివరికి ఎక్కడికి అని మూడు వరుసలు చేర్చాను. ఈసారి మడ్డిని లేబుల్ వేసిన క్యాన్‌లో పోశాను. మీ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఆ మూడు వరుసలకు చోటివ్వండి.