రాయి, కాంక్రీటు, ఉక్కు: మన ఇండ్లు నిలిచే తీరు

విద్యార్థులారా! బస్సులో వెళ్ళేటప్పుడు మన మారిషస్ గ్రామాలలోని ఇండ్ల పైకప్పులను గమనించండి. చాలా ఇండ్ల మీద స్తంభాల కొసల నుండి తుప్పు రంగు కడ్డీలు ఆకాశం వైపు నిలిచి ఉంటాయి. అవి మేస్త్రి మరచిపోయినవి కావు. కొడుకుకో కూతురుకో పెండ్లి అయినప్పుడు పై అంతస్తు కట్టుకొనడానికి తండ్రి విడిచిపెట్టినవి. పది సంవత్సరాలు, ఒక్కొక్క చోట ఇరవై సంవత్సరాలు అవి వానకు తడుస్తూ, ఎండకు ఎండుతూ ఉంటాయి. అంతకాలం తరువాత వాటి మీద ఇల్లు కట్టవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముందు మూడు పదార్థాల స్వభావాన్ని తెలుసుకొందాము.

ఒక సుద్దముక్కను తీసుకొని, రెండు కొసలను వేళ్ళతో పట్టి లోపలికి నొక్కండి. ఏమీ కాదు. ఇప్పుడు వంచండి. టక్కున విరుగుతుంది. వంచినప్పుడు సుద్దలో ఒక వైపు నొక్కుకొంటుంది, ఎదుటి వైపు సాగుతుంది. సాగిన వైపుననే పగులు మొదలవుతుంది. నొక్కుడును సుద్ద ఓర్చుకొన్నది, లాగుడును ఓర్చలేకపోయినది. రాయి, ఇటుక, కాంక్రీటు ఈ విషయంలో సుద్దకు అన్నదమ్ములు.

మన ద్వీపం అగ్నిపర్వతాల నుండి పుట్టినది. అందువలన ఇక్కడ నల్లని బసాల్ట్ రాయికి కొదువ లేదు. చెరకు పొలాలలో కనిపించే రాళ్ళ గుట్టలు మన పూర్వులు చేతులతో ఏరి పోసినవే. పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్‌లో ఇదే రాతి కట్టడం ఉన్నది. 1849లో మొదలైన ఆ విడిదిలో దిగి, మన తెలుగువారు కూడా తోటలకు వెళ్ళినారు. కోరంగి రేవు పేరుతో వారిని ఇక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఆనాటి మేస్త్రీలు సముద్రపు పగడాన్ని కాల్చి సున్నం చేసి, ఆ సున్నంతో రాళ్ళను అతికేవారు. పాత చక్కెర మిల్లుల రాతి పొగగొట్టాలు నేటికీ పొలాల నడుమ నిలిచి ఉన్నవి. పైనున్న రాయి బరువు కింది రాయిని నొక్కుతుంది, అంతే. కాని ద్వారం మీద పొడవైన రాతిపలకను అడ్డంగా పెడితే అది సుద్దవలె అడుగున పగలవచ్చు. అందుకే పూర్వులు కమాను కట్టేవారు. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుందే గాని లాగదు.

ఇక కాంక్రీటు. సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిపితే కాంక్రీటు అవుతుంది. ‘అది ఎండి గట్టిపడుతుంది’ అని చాలామంది అంటారు. అది సరి కాదు. సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. కనుకనే పోసిన తరువాత కనీసం ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి. ఇంజనీర్లు దాని బలాన్ని 28వ రోజున పరీక్షిస్తారు. అయితే కలిపేటప్పుడు నీరు ఎక్కువ పోయరాదు. మిగిలిన నీరు తరువాత ఆవిరై సన్నని రంధ్రాలను విడిచిపోతుంది, బలం తగ్గుతుంది. పలుచగా ఉంటే పారతో లాగడం సులభం. అందుకని మధ్యాహ్నం అలసిన చేతులు ఇంకొక బకెట్టు నీరు పోస్తాయి. అక్కడే నష్టం జరుగుతుంది.

1960లో జనవరిలో ఆలిక్స్, ఫిబ్రవరి చివర కారోల్ అనే తుఫానులు మన దేశాన్ని కొట్టినవి. కారోల్ గాలి గంటకు 250 కిలోమీటర్లు దాటినది. గడ్డి కప్పులు, రేకుల కప్పులు లేచిపోయినవి. మీ అవ్వగారిని, తాతగారిని అడగండి, చెబుతారు. ఒక చదరపు మీటరు రేకు బరువు సుమారు 5 కిలోలు. 12 సెంటీమీటర్ల మందం గల కాంక్రీటు పలక అదే కొలతకు 280 కిలోలకు పైగా తూగుతుంది. గాలి దానిని ఎత్తడం సులభం కాదు. తరువాతి దశాబ్దాలలో మనవారు పలక కప్పుల వైపు తిరిగినారు. వేసవి రాత్రి ఆ పలక పగటి వేడిని గదిలోకి దించుతుంది, అది వేరే బాధ!

పలక పోసే రోజును క్రియోల్‌లో ‘కూల్ దాల్’ అంటాము. బంధువులు, ఇరుగుపొరుగువారు వచ్చి బకెట్లు అందిస్తారు, పని ముగిసిన తరువాత అందరికీ భోజనం. అంత బరువైన పలక నడుమ విరగకుండా ఆపేది ఉక్కు. కాంక్రీటు లాగుడు బలం దాని నొక్కుడు బలంలో సుమారు పదవ వంతు మాత్రమే. ఉక్కు లాగుడును చక్కగా ఓర్చుకొంటుంది. వేడికి ఈ రెండూ ఇంచుమించు ఒకే కొలతలో వ్యాకోచిస్తాయి, కనుక ఎండలో విడిపోవు. అల్యూమినియం అయితే రెండింతలు సాగేది.

కడ్డీ ఎక్కడ ఉండాలి? సాగే వైపున. గది మీది పలక నడుమ కిందికి వంగుతుంది కాబట్టి అక్కడ కడ్డీలు అడుగున ఉండాలి. వసారా బయటకు చాచిన పలకకు మాత్రం పై వైపు సాగుతుంది, కడ్డీలు పైననే ఉండాలి. కూల్ దాల్ నాడు ఎవరైనా ఆ పై కడ్డీలను తొక్కుతూ నడిస్తే అవి కిందికి జారుతాయి. పైకి ఏమీ తెలియదు. ఆ వసారా మీద జనం నిలబడిన రోజున తెలుస్తుంది.

కాంక్రీటు లోపలి క్షారగుణం ఉక్కును తుప్పు నుండి కాపాడుతుంది. కాని ఉప్పు చేరితే ఆ రక్షణ పోతుంది. తుప్పు ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, లోపలి నుండి నెట్టి కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. పూర్వం ఇసుకను మన తీరపు సముద్రం నుండి తవ్వేవారు. సరిగా కడగని ఇసుకతో ఉప్పు కూడా గోడలోకి వచ్చేది. తీరాన్ని కాపాడడానికి 2001లో ఆ తవ్వకాన్ని ఆపినారు. ఇప్పుడు మనం వాడేది బసాల్ట్ రాయిని పిండి చేసిన ఇసుక.

ఇప్పుడు కప్పు మీది కడ్డీల సంగతి. వాటికి కాంక్రీటు కవచం లేదు, సముద్రపు గాలి మాత్రం ఉన్నది. పైపైన రంగు మారితే తీగ కుంచెతో రుద్ది వాడవచ్చు. పొరలు పొరలుగా ఊడి, కడ్డీ సన్నబడితే దాని మీద అంతస్తు లేపరాదు. ఇంజనీరు చూసి చెప్పాలి. పై అంతస్తుకు చాలా కాలం పట్టేటట్లు ఉంటే, కడ్డీల చుట్టూ పలుచని సిమెంటు దిమ్మె పోసి కప్పడం మంచిది. అవసరమైనప్పుడు పగలగొట్టవచ్చు.

అభ్యాసం: మూడు గాజు సీసాలలో మూడు కొత్త ఇనుప మేకులు వేయండి. మొదటిదానిలో మంచినీరు, రెండవదానిలో ఉప్పునీరు, మూడవదానిలో సున్నపు తేట పోయండి. సున్నం కంటిలో పడితే ప్రమాదం, అది పెద్దవారి చేత పోయించండి. మూతలు పెట్టి, రెండు వారాల తరువాత ఏ మేకు ఎట్లా ఉన్నదో మీ పుస్తకంలో వ్రాయండి.