పాలడిన్‌కు ఏ ప్రతిజ్ఞ?

తెలుగులో మాట ఇవ్వడానికి ఉన్న మాటలు ఒకటీ రెండూ కాదు. ఒట్టు, బాస, శపథం, ప్రతిజ్ఞ, వ్రతం, దీక్ష. ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి ‘ఓత్’ అన్న ఒక్క మాటతో పని జరిగిపోతుంది. ఈ తేడాలు రెండు మార్కుల ప్రశ్నకు తప్ప ఎందుకూ పనికిరావని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. పనికివస్తాయని ఈసారి ఒక ఆట ద్వారా చూద్దాం.

పై తరగతుల వాళ్ళకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరు తెలిసే ఉంటుంది. దీనికి కంప్యూటరు అక్కరలేదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, వాళ్ళను డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో చెబుతారు. అది నెగ్గిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఈ ఆట 1974లో అచ్చయింది. మరుసటి ఏడు వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో పాలడిన్ అనే పాత్ర చేరింది.

పాలడిన్ అంటే కత్తి పట్టే యోధుడే, కానీ చేయి ఆనించి గాయం కూడా మాన్పగలడు. ఈ మాటకు మూలం లాటిన్‌లో ఉంది. రాజప్రాసాదానికి చెందినవాడు అని అర్థం. ఫ్రాన్సు పాత వీరగాథల్లో షార్లమేన్ చక్రవర్తి కొలువులోని పన్నెండుమంది యోధులను ఇలా పిలిచేవారు. ఆటలో మొదట్లో పాలడిన్లందరికీ నియమం ఒక్కటే, మంచివాడిగా ఉండాలి. తెలిసి చెడ్డపని చేస్తే ఆ హోదా తిరిగి రాకుండా పోయేది. 2014లో వచ్చిన ఐదో కూర్పు దీన్ని మార్చింది. పాలడిన్ శక్తి అతను చేసిన ప్రతిజ్ఞలో ఉంటుంది, ఏ ప్రతిజ్ఞ చేయాలో ఆడేవాళ్ళే ఎంచుకోవాలి.

ఆ ఎంపిక మూడో స్థాయికి చేరాకే. మొదటి రెండు స్థాయిల్లో ప్రతిజ్ఞ ఉండదు. ఈ నియమం మాకు చాలా నచ్చింది. కొత్త బడిలో చేరిన మొదటిరోజే ‘నీ బెస్ట్ ఫ్రెండ్ ఎవరు?’ అని అడిగితే మీరు ఏం చెప్పగలరు? కొన్నాళ్ళు తిరగాలి, ఎవరి పక్కన కూర్చుంటే మనసు కుదుటపడుతుందో చూసుకోవాలి. ఆటలో పాత్రకూ అంతే. అది దేనికి కోపం తెచ్చుకుంటుందో, దేన్ని చూసి జాలిపడుతుందో రెండు స్థాయిలు ఆడితే మీకే తెలుస్తుంది.

కానీ పిల్లలు ఎంచుకునే పద్ధతి వేరు. ఏ ప్రతిజ్ఞకు ఏ శక్తి వస్తుందని ముందు పట్టిక చూస్తారు. ప్రతీకార ప్రతిజ్ఞ తీసుకుంటే ఒక శత్రువును ఎంచుకుని, ఒక నిమిషం పాటు వాడి మీద వేసే ప్రతి దెబ్బకూ పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. లాభమే, కాదనం. అయితే ఆ శక్తి పనిచేసేది పోరాటంలో. ప్రతిజ్ఞ మాత్రం పోరాటం లేనప్పుడు కూడా మెడ మీదే ఉంటుంది. అందుకని శక్తుల పట్టిక కాసేపు మూసి, ఈ ప్రతిజ్ఞను తెలుగులో ఏమంటామో అడిగి చూడండి.

ప్రతీకారానిది శపథం. శపథంలో కోపం ఉంటుంది, ఎదుట ఒక మనిషి ఉంటాడు, నెరవేరే రోజు ఒకటి ఉంటుంది. జూదం జరిగిన సభలో భీముడు చేసినవి శపథాలే. అవి తీరాయి. తీరిన మర్నాడు భీముడి దగ్గర ఆ శపథాల్లో ఏం మిగిలింది? ప్రతీకార పాలడిన్‌ను ఎంచుకునేవాళ్ళు ఈ ‘మర్నాడు’ గురించి ముందే ఆలోచించాలి. మీ ఊరు తగలబెట్టిన బందిపోటు నాయకుడు ఐదో స్థాయిలో చచ్చిపోయాడనుకోండి, ఆరో స్థాయి నుంచి మీ పాత్ర ఎందుకు నడుస్తున్నట్టు? దీనికి జవాబు ఆట పుస్తకంలోనే ఉంది, ఎవరూ అక్కడిదాకా చదవరు. ఈ ప్రతిజ్ఞలోని నాలుగో నియమం నష్టపరిహారం గురించి. శత్రువు ఎవరికైనా కీడు చేశాడంటే తాను సమయానికి ఆపలేకపోయినట్టే, కాబట్టి ఆ బాధితులను ఆదుకునే పని తనదే. మొదటి మూడు నియమాలతో బందిపోటును వెతుకుతారు, నాలుగోదానితో కాలిన ఇళ్ళకు కప్పు వేస్తారు. ఈ రెండో పని మీకు ఆడాలనిపిస్తేనే ఈ ప్రతిజ్ఞ తీసుకోండి.

ఓత్ ఆఫ్ డివోషన్‌ను భక్తి అని అనువదించకండి. మనకు భక్తి అనగానే గుడి గుర్తొస్తుంది, ఇక్కడి విషయం అది కాదు. నిష్ఠ అంటే దగ్గరగా ఉంటుంది. ఇది వ్రతం లాంటిది. తీరిపోయే రోజు లేదు, పొద్దున లేచిన దగ్గర్నుంచీ పాటించాల్సిందే. అబద్ధం ఆడకూడదు, భయపడి ఆగకూడదు, బలహీనులను కాపాడాలి, చేసిన పనికి జవాబు చెప్పుకోవాలి. వినడానికి నీతిపాఠంలా ఉంటుంది, ఆడితే అలా ఉండదు.

ఒక సన్నివేశం తీసుకుందాం. కోట ద్వారం దగ్గర గడ్డి బండి ఆగింది. గడ్డి కింద మీ స్నేహితులు ముగ్గురు దాక్కున్నారు. బండి తోలుతున్నది నిష్ఠ పాలడిన్. కావలివాడు అడిగాడు: “బండిలో ఎవరైనా ఉన్నారా?” లేరంటే వ్రతం చెడింది. ఉన్నారంటే స్నేహితులు పోయారు. మా బల్ల దగ్గర ఇది వచ్చినప్పుడు పిల్లలు పావుగంట వాదించుకున్నారు. ఒకడు “గడ్డే ఉంది” అందామన్నాడు. గడ్డి ఉన్నమాట నిజమే కదా అని వాడి లెక్క. అప్పుడు మేము ధర్మరాజు కథ ఎత్తవలసి వచ్చింది. అశ్వత్థామ చచ్చాడని గట్టిగా చెప్పి, ఏనుగు అన్న ముక్క ద్రోణుడికి వినపడకుండా అన్నాడు. అక్షరాలా చూస్తే అందులో అబద్ధం లేదు. అయినా అప్పటిదాకా నేలకు నాలుగు అంగుళాలు పైన నడిచిన ఆయన రథం ఆ క్షణాన నేలకు దిగింది. పాలడిన్‌కు శక్తి పోవడమంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం ఏ ఆటకూ లేదు.

చివరికి ఆరో తరగతి పిల్లాడొకడు దారి చూపించాడు. వాడి పాలడిన్ బండి దిగి, “నేను అబద్ధం ఆడను. అందుకే నీ ప్రశ్నకు జవాబు చెప్పను. నన్ను పట్టుకో,” అని చేతులు చాచాడు. కావలివాళ్ళు అతని చుట్టూ మూగారు, బండిని చూసేవాళ్ళు లేకపోయారు. స్నేహితులు తప్పించుకున్నారు, పాలడిన్ జైలుకు వెళ్ళాడు. తరువాతి రెండు వారాలూ కథంతా అతణ్ణి విడిపించడమే. నిష్ఠ తీసుకుంటే కథ ఇలా మలుపు తిరుగుతుంది. ఖరీదు మాత్రం మీ పాత్రే కట్టాలి.

ఖరీదు పక్కవాళ్ళ చేత కట్టించే ప్రతిజ్ఞలు కూడా ఉన్నాయి. 2017లో వచ్చిన ఇంకో పుస్తకంలో రెండు చేరాయి. ఒకటి జయించడం గురించి, ఎదుటివాళ్ళ ఆశ ఆర్పేసి భయంతో ఏలడం దాని పద్ధతి. బడి బల్ల మీద దానికి చోటు లేదు, ఇందులో మాకు రెండో ఆలోచన కూడా లేదు. రెండోది ఓత్ ఆఫ్ రిడెంప్షన్, అంటే చెడ్డవాళ్ళను మార్చడం. చాలా మంచి ప్రతిజ్ఞ. కానీ కత్తి దూయడం అన్నిటికన్నా చివరి పని అని మీరు మాట ఇస్తే, పోరాటం కోసమే వచ్చి కూర్చున్న ముగ్గురూ మీ సంధి మాటలు ముగిసేదాకా ఆవులిస్తూ ఉంటారు. తీసుకునే ముందు వాళ్ళను అడగండి. ప్రతిజ్ఞ మీ పాత్రది, సాయంత్రం అందరిదీ.

కిరీట ప్రతిజ్ఞ ఒకటుంది. ఇది బాస వంటిది. బాసకు రెండు పక్షాలు కావాలి. ఇక్కడ ఒక పక్షాన పాలడిన్, రెండో పక్షాన రాజు, రాజ్యం, దాని చట్టం. కథ ఒకే రాజ్యంలో నడిచినంతకాలం దీనంత బలమైంది లేదు. కథ సముద్రం దాటిందా, పాలడిన్ చేతిలో ఉత్తరం తప్ప ఏమీ మిగలదు.

ఈ విషయం మాకు విప్పి చెప్పింది ఎనిమిదో తరగతి అమ్మాయి. డిసెంబరులో వచ్చి చేరింది. సీసీఏ పీరియడ్‌లో మా బల్ల దగ్గరికి వచ్చి పాలడిన్‌ను తీసుకుంది, బాగా ఆడింది. ఆమె పాత్ర మూడో స్థాయికి చేరేసరికి వాళ్ళ నాన్నగారి పోస్టింగు ఆర్డరు వచ్చేసింది. “నేను ఏ ప్రతిజ్ఞా తీసుకోను మేడమ్. మార్చిలో వెళ్ళిపోతాం. సగంలో వదిలేసేదానికి ఒట్టు ఎందుకు?” అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా బదిలీల పిల్లలే. ఎవరూ ఆమెకు సర్దిచెప్పబోలేదు. ఐదు రాష్ట్రాలు తిరిగిన మాకు కూడా ఆ ప్రశ్న కొత్తది కాదు. అయితే ఊరితో తెగిపోయే ప్రతిజ్ఞలేవో, తెగనివేవో చూడమ్మా అని పుస్తకం ఆమె ముందుకు జరిపాం.

ముందు కిరీటాన్ని కొట్టేసింది. ప్రతీకారం కూడా కొట్టేసింది, శత్రువు ఈ కథలోనే ఉన్నాడు కదా అని. చివరకు ప్రాచీనుల ప్రతిజ్ఞ దగ్గర ఆగింది. దాన్ని చాలామంది చెట్లనూ అడవులనూ కాపాడే ప్రతిజ్ఞ అనుకుంటారు. నిజానికి అది వెలుగును కాపాడే ప్రతిజ్ఞ. దయతో ఇతరుల్లో ఆశ వెలిగించాలి, ఎక్కడ మంచి ఉంటే అక్కడ దానికి అడ్డు నిలవాలి, తనలోని సంతోషాన్ని కూడా ఆరనివ్వకూడదు. ఈ చివరిది చూసి చిన్నపిల్లలు ‘సంతోషంగా ఉండడం కూడా ప్రతిజ్ఞేనా!’ అని నవ్వుతారు. తెలియని బడిలో, తెలియని భాష మాట్లాడే తరగతిలో, టిఫిన్ డబ్బా ఒంటరిగా తెరిచినవాళ్ళు నవ్వరు.

ఆమె తన పాత్ర పత్రం వెనక తెలుగులో మూడు వాక్యాలు రాసింది. ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊళ్ళో ఒక్కరినైనా నవ్విస్తాను. ఒంటరిగా ఉన్నవాణ్ణి చూసి పక్కకు తప్పుకోను. పాడడం మానను. మార్చిలో డంజన్ మాస్టర్ ఆమె పాలడిన్‌ను ఉత్తరం దారిన పంపించాడు. పాత్రను చంపలేదు, వేరేవాళ్ళకు ఇవ్వలేదు.

ఆ మూడు వాక్యాల్లోని క్రియలు చూడండి. చేస్తాను, చేయను, మానను. తెలుగులో ప్రతిజ్ఞకు బలం వాక్యం చివరి క్రియలో ఉంటుంది. ‘ప్రయత్నిస్తాను’ అంటే ప్రతిజ్ఞ కాదు, అది సెలవుచీటీ. ‘చేసి తీరతాను’ అన్నది ‘చేస్తాను’ కంటే గట్టిది, ‘చేయక మానను’ కూడా అంతే. ఉదయం అసెంబ్లీలో మీరు హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పే జాతీయ ప్రతిజ్ఞ ముందుగా తెలుగులో పుట్టిందని ఎంతమందికి తెలుసు? 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు రాశారు. అప్పుడాయన విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారి. మీ ఇళ్ళలోని పెద్దల లాగే ప్రభుత్వోద్యోగి. ఒక్క మనిషి ‘నేను’ అని చెప్పుకునే చిన్న చిన్న వాక్యాలతో రాశారు కాబట్టే అది ఇన్ని భాషల్లోకి తేలిగ్గా వెళ్ళింది.

మరి ప్రతిజ్ఞ తప్పితే? చిన్నప్పుడు మనకు సులువైన ఉపాయం ఉండేది. ‘ఒట్టు తీసి గట్టున పెట్టు’ అంటే అయిపోయేది. పాలడిన్‌కు గట్టు అంత దగ్గరలో లేదు. అయినా ఆట కఠినంగా ఏమీ ఉండదు. పొరపాటునో, భయంతోనో తప్పినవాడు ఇంకో పాలడిన్ దగ్గరో పూజారి దగ్గరో ఒప్పుకోవచ్చు. ఒక రాత్రంతా జాగారం చేయవచ్చు, ఉపవాసం ఉండవచ్చు. తరువాత మళ్ళీ మొదలుపెట్టవచ్చు. తప్పి కూడా అందులో తప్పేముంది అనేవాడి దారి వేరు. వాడికి ప్రతిజ్ఞాభంగి అనే చీకటి పాత్ర వేరే పుస్తకంలో ఉంది.

ఈ నెల పని. మీ పాలడిన్‌కు ఒక ప్రతిజ్ఞ ఎంచుకోండి. ఆట ఆడనివాళ్ళు కూడా ఒక పాలడిన్‌ను ఊహించుకుని రాయవచ్చు. అది శపథమా, బాసా, వ్రతమా అన్నది ముందు ఒక మాటలో రాయండి. తరువాత మూడే వాక్యాలు. ప్రతి వాక్యం ‘-ను’తో ముగియాలి, ఒక్కటైనా ‘చేయను’ రకంది ఉండాలి. ఆ మూడింటిలో ఏది పాటించడం మీ పాత్రకు అన్నిటికంటే కష్టమో దాని కింద గీత గీయండి. ఏదీ కష్టం కాదనిపిస్తే కాగితం తిప్పి మళ్ళీ రాయండి. మార్చిలో టీసీ తీసుకునేవాళ్ళు తమ కాగితం మా దగ్గర వదిలిపెట్టకుండా వెంట తీసుకువెళ్ళండి.