తమ్ముడు రీమిక్స్ పంపాడా? ‘సూపర్’ అని రిప్లై ఇచ్చే ముందు ఇది చదవండి

ఇయర్‌ఫోన్స్‌కి, స్పీకర్లకి రివ్యూ రాయడం నాకు అలవాటే. బాగాలేకపోతే బాగాలేదని రాసేస్తా, కంపెనీ వాళ్ళు దానికోసం నిద్ర మానుకోరు. కానీ మా పిన్ని కొడుకు చేసిన ఒక గేమ్ రీమిక్స్ మీద అభిప్రాయం చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం నేను ఫెయిలయ్యా. ఎలా ఫెయిలయ్యానో, తర్వాత ఏం నేర్చుకున్నానో ఈ ఆర్టికల్‌లో చెప్తాను. మీ ఫ్రెండ్స్‌లో కూడా ఫోన్‌లో బీట్లు చేసేవాళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారు, కాబట్టి మీకూ పనికొస్తుంది.

అసలేం జరిగింది?

మాది చిలకలూరిపేట దగ్గర ఒక పల్లెటూరు. చుట్టూ పత్తి, మిర్చి. మిరపకోతలు మొదలైతే కాయని కల్లంలో ఆరబోసి, రాత్రుళ్ళు ఎవరో ఒకరు అక్కడే కాపలా పడుకోవాలి. మావాడి డ్యూటీ అదే. పట్టా మీద పడుకుని, ఫోన్‌లో బ్యాండ్‌ల్యాబ్ యాప్ తెరిచి, రెండు వారాల పాటు ఒక ట్రాక్ చేశాడు. సూపర్ మారియో మొదటి లెవెల్ ట్యూన్, దానికి మన డప్పు దరువు, కింద డీజే బేస్. వాడి ఇయర్‌ఫోన్స్ ఒక వైపు పోయాయి, అందుకని మొత్తం ఫోన్ స్పీకర్ మీదే చేశాడు.

వాట్సాప్‌లో పంపి, “అన్నా, ఎట్టా ఉందో చెప్పు” అన్నాడు. నేను బస్సులో ఉన్నా. నా ఫోన్ స్పీకర్‌లోనే ఓ ముప్పై సెకన్లు విన్నా. “సూపర్ రా, కుమ్మేశావ్” అని టైప్ చేసి, మూడు నిప్పు ఎమోజీలు కొట్టి, జేబులో పెట్టేశా.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి మా వైపు ఊళ్ళ నుంచి ప్రభలు వెళ్తాయి. మా ప్రభ బయల్దేరే ముందు రోజు రాత్రి ఊరి సెంటర్లో పెద్ద సౌండ్ బాక్సులు పెట్టారు. నా మాట నమ్మి మావాడు పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి ఆపరేటర్ చేతిలో పెట్టాడు. ట్రాక్ మొదలైంది. బుర్రుమని ఒకటే మోత. మారియో ట్యూన్ ఎక్కడా వినపడలేదు. గుంపులోంచి ఎవరో “ట్రాక్టర్ స్టార్ట్ చేశారేంట్రా” అన్నారు, అందరూ నవ్వారు. నిమిషం కాకముందే పాట మార్చేశారు.

ఇంటికొస్తూ వాడు నన్ను ఒక్కటే అడిగాడు. “అన్నా, నువ్వు రోజూ టెస్ట్ చేసేది స్పీకర్లే గదా. నీకు తెలవలేదా, తెలిసి చెప్పలేదా?”

రెండూ కాదు. నేను అసలు సరిగ్గా విననే లేదు. ఆ మాట వాడితో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. వాడు అప్పటికి యాప్ తీసేశాడు.

ఫోన్ స్పీకర్ ఇద్దరినీ ఎలా బోల్తా కొట్టించింది?

తర్వాత ఆ ఫైల్‌ని మంచి హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు కారణం అర్థమైంది. మారియో ట్యూన్ మొదటి స్వరం సుమారు 660 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్ స్పీకర్ దాన్ని హాయిగా వినిపిస్తుంది. డీజే కిక్, బేస్ అసలు బలం ఉండేది 50, 60 హెర్ట్జ్ ప్రాంతంలో. అంత కింది శబ్దాన్ని అంత చిన్న స్పీకర్ దాదాపు పలికించలేదు. మావాడికి బేస్ వినపడలేదు, వాల్యూమ్ పెంచాడు. ఇంకా వినపడలేదు, ఇంకా పెంచాడు. చివరికి మొత్తం సౌండ్ 0 డీబీ పరిమితి దాటి క్లిప్పింగ్‌లోకి వెళ్ళింది, అంటే తరంగాల తలలు తెగిపోయి గరగర మొదలైంది. ఫోన్‌లో కనపడని ఆ బేస్ అంతా పెద్ద బాక్సుల్లో ఒక్కసారిగా బయటికొచ్చి ట్యూన్‌ని మింగేసింది.

ఇది నేను ముందే చెప్పగలిగిన విషయం. పది నిమిషాలు కూర్చుని ఉంటే చాలు. అందుకే ఇప్పుడు ఎవరు ట్రాక్ పంపినా ఈ కింది వరసలోనే వింటాను.

1. వినే ముందు మూడు ప్రశ్నలు

ఒకటి, ఏం చేద్దామనుకున్నావ్? రెండు, ఎక్కడ ప్లే చేస్తావ్? మూడు, పని ఎంతవరకు వచ్చింది?

నేను రెండో ప్రశ్న అడిగి ఉంటే “ప్రభ దగ్గర బాక్సుల్లో” అని చెప్పేవాడు, నేను బస్సులో విని రిప్లై ఇచ్చేవాణ్ణి కాదు. మూడోదీ అంతే ముఖ్యం. ఇంకా అమరిక ఆలోచిస్తున్నవాడికి ‘మిక్స్ గరగరలాడుతోంది’ అని చెప్పడం తొందరపాటు. రేపే రిలీజ్ పెట్టుకున్నవాడికి ‘మొత్తం టెంపో మార్చు’ అనడం వేస్ట్.

2. మీ సెటప్ సరిచూసుకోండి

వాయిస్ నోట్‌గా పంపిన దాని మీద తీర్పు చెప్పకండి. వేవ్ ఫైల్ గానీ మంచి బిట్‌రేట్ ఎంపీ3 గానీ డాక్యుమెంట్‌గా పంపమనండి. మీ ఫోన్‌లో డాల్బీ అట్మాస్, బేస్ బూస్ట్, ఈక్వలైజర్ ఆఫ్ చేయండి. అవి ఆన్‌లో ఉంటే మీరు వినేది వాడి మిక్స్ కాదు, మీ ఫోన్ సెట్టింగ్స్. బ్లూటూత్ మొత్తం తప్పని అనను, కానీ దానిలో సౌండ్ ఇంకోసారి కంప్రెస్ అవుతుంది. 3.5 ఎంఎం వైర్డ్ ఇయర్‌ఫోన్స్ ఉంటే అవే పెట్టుకోండి. ఆ తర్వాత ఫోన్ స్పీకర్‌లో, వీలైతే కారులోనో హోమ్ థియేటర్‌లోనో ఇంకోసారి. ఒక చోట బాగుండి ఇంకో చోట చెడితే, అదే మీరు చెప్పాల్సిన మొదటి పాయింట్.

3. ఒరిజినల్ పక్కన పెట్టుకుని వినండి

రీమిక్స్‌కి ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలంటే అసలు ట్యూన్ తెలియాలి. మారియో సంగీతాన్ని కోజి కొండో 1985లో చేశారు. ఆ ఆట నడిచిన మెషీన్ సౌండ్ చిప్‌లో ఉన్నవి 5 చానెళ్ళే. రెండు పల్స్, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, చిన్న చిన్న రికార్డింగుల కోసం ఒకటి. ట్రయాంగిల్ ఎక్కువగా బేస్ వాయిస్తుంది. అన్ని పరిమితుల మధ్య పుట్టిన ఆ ట్యూన్ 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేరింది. వీడియో గేమ్ సంగీతానికి ఆ చోటు దక్కడం అదే మొదటిసారి.

ఇది క్విజ్ కోసం చెప్పట్లేదు. ఒరిజినల్‌లో ట్యూన్ స్పష్టంగా వినపడటానికి కారణం, దాని చుట్టూ ఖాళీ ఉండటం. మావాడు 14 ట్రాక్‌లు పేర్చాడు. పక్కపక్కన పెట్టి వింటేనే ఆ తేడా తెలుస్తుంది. అలా పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానంగా పెట్టండి. ఎక్కువ సౌండ్ ఉన్నదే బాగుందని మన చెవి సులువుగా మోసపోతుంది.

4. మూడు గళ్ళు గీసి రాసుకోండి

కాగితం మీద మూడు గళ్ళు: అమరిక, మిక్సింగ్, నా టేస్ట్. ప్రతి పాయింట్ పక్కన టైమ్ రాయండి.

అమరిక అంటే ట్యూన్‌ని ఎలా మార్చాడు, ఏది ముందు, ఏది తర్వాత, బోర్ ఎక్కడ కొడుతోంది. మిక్సింగ్ అంటే ఏది గట్టిగా ఉంది, ఏది మునిగిపోయింది, ఎక్కడ గరగర. మూడోది అసలు గడి. ‘నాకు డప్పు కన్నా గిటార్ ఇష్టం’ అనేది మీ టేస్ట్. దాన్ని తప్పుల లిస్టులో కలిపేస్తే అవతలి వాడు నాశనమవుతాడు. చెప్పాలనిపిస్తే “ఇది నా టేస్ట్ మాత్రమే” అని చెప్పే చెప్పండి.

ఈ పని పద్ధతిగా చేసేవాళ్ళు ప్రపంచంలో చాలా ఏళ్ళుగా ఉన్నారు. గేమ్ సంగీతం రీమిక్స్‌ల కోసం డేవిడ్ లాయిడ్ 1999లో మొదలుపెట్టిన ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్‌లో వచ్చిన ట్రాక్‌ల మీద జడ్జీలు ఓట్లేస్తారు, ఎందుకు అవునో ఎందుకు కాదో రాతపూర్వకంగా చెప్తారు. అసలు ట్యూన్ గుర్తుపట్టేలా ఉండాలి, అలాగని జిరాక్స్ కాపీలా ఉండకూడదు, మిక్సింగ్ నిలబడాలి. వాళ్ళు చూసేవి ముఖ్యంగా ఇవే. అక్కడి ఔత్సాహికులు చేసిన సంగీతమే 2008లో క్యాప్‌కామ్ విడుదల చేసిన సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో హెచ్‌డీ రీమిక్స్‌లోకి వెళ్ళింది. సరదాగా మొదలైన పని అక్కడిదాకా వెళ్ళిందంటే అందులో ‘సూపర్ బ్రో’ల కన్నా ఆ కారణాలు రాసిన మాటల పాత్రే ఎక్కువని నా నమ్మకం.

5. చెప్పేటప్పుడు: ఎక్కడ, ఏం వినపడింది, ఏం ట్రై చేయొచ్చు

గుంటూరు మిర్చి యార్డుకి మా నాన్నతో వెళ్ళినప్పుడు చూశాను. కొనేవాళ్ళు టిక్కీలోంచి గుప్పెడు కాయ తీసి, రంగు చూసి, నలిపి చూస్తారు. “బాగాలేదు” అని ఊరికే అంటే రైతుకి ఏమీ తెలియదు. “తేమ ఉంది” అంటే ఇంకో రెండు రోజులు ఎండబెట్టాలని తెలుస్తుంది. “తాలు ఎక్కువ” అంటే మళ్ళీ ఏరాలని తెలుస్తుంది. ఫీడ్‌బ్యాక్ కూడా విన్నవాడికి తర్వాత చేయాల్సిన పని చూపించాలి.

మావాడి ట్రాక్ మీదే కొన్ని ఉదాహరణలు.

“బేస్ ఓవర్ అయింది” అనే బదులు: “0:12 నుంచి కిక్, బేస్ ఒకేసారి పడుతున్నాయి, హెడ్‌ఫోన్స్‌లో ట్యూన్ మునిగిపోతోంది. మాస్టర్ మీటర్ ఎర్రగా వెలుగుతోందేమో చూడు. ముందు బేస్ ఫేడర్ తగ్గించు. కిక్ పడే చోట బేస్ నోట్ కొంచెం పొట్టిగా కట్ చేసి చూడు.”

“ట్యూన్ తేడాగా ఉంది” అనే బదులు: “0:21 దగ్గర రెండు బీట్ల చోటులో మూడు స్వరాలు సమాన ఎడంతో రావాలి, మన తిస్రం లాగా. నువ్వు 16 గడుల గ్రిడ్‌కి అతికించావు, అందుకే ఆ ఊపు పోయింది. ట్రిప్లెట్ గ్రిడ్ పెట్టి మళ్ళీ వాయించు.”

“సూపర్ రా” అనే బదులు: “0:40 దగ్గర ట్యూన్ ఆపేసి డప్పు ఒక్కదాన్నే నాలుగు చుట్లు వదిలావు చూడు, అక్కడ నా కాలు దానంతటదే ఆడింది. అది మార్చొద్దు.”

చివరిది గమనించండి. మెచ్చుకోలు కూడా అంతే కచ్చితంగా ఉండాలి. ఏది బాగుందో తెలియకపోతే, తప్పులు దిద్దే హడావిడిలో వాడు ఆ మంచి ముక్కనే తీసేసే ప్రమాదం ఉంది.

ఒక్కసారికి మూడు పాయింట్లు మించొద్దు. అన్నిటికన్నా పెద్ద సమస్య ముందు. మీ లిస్టులో పదిహేను ఉన్నా సరే, మిగతావి తర్వాతి వెర్షన్‌కి దాచండి. పెద్దది సరిచేస్తే చిన్నవి సగం వాటంతటవే పోతాయి. ఇంకోటి, ఇదంతా వాడికి విడిగా చెప్పండి. పదిమంది ఉన్న గ్రూప్‌లో చెప్తే వాడికి మీ పాయింట్ వినపడదు, ఆ పదిమంది మొహాలే కనపడతాయి.

6. ఆ తర్వాత వాడి ఇష్టం

ట్రాక్ వాడిది. మీరు చెప్పింది వాడు తీసుకోకపోవచ్చు. ప్రాజెక్ట్ ఫైల్ అడిగి తీసుకుని మీరే సరిచేసి పంపడం సాయం అనిపిస్తుంది గానీ, దానివల్ల వాడు నేర్చుకునేది ఏమీ లేదు.

మళ్ళీ మావాడి దగ్గరికి

రెండు రోజుల తర్వాత కల్లం దగ్గరికి వెళ్ళా. “నేను వినలేదురా. విన్నట్టు చెప్పా. తప్పు నాది” అన్నా. వాడు కాసేపు కాయలు తిరగేస్తూ ఏమీ అనలేదు. తర్వాత, “అయితే ఇప్పుడు విని చెప్పు” అన్నాడు. నా వైర్డ్ ఇయర్‌ఫోన్స్ చెరో వైపు పెట్టుకుని ఇద్దరం పట్టా మీద కూర్చున్నాం. పైన రాసిన మూడు పాయింట్లే చెప్పా. యాప్ మళ్ళీ వేసుకున్నాడు. ప్రాజెక్ట్ అకౌంట్‌లోనే ఉంది, పోలేదు.

బేస్ తగ్గించాడు. ఆ మూడు స్వరాలు సరిచేశాడు. నేను నాలుగోది కూడా ఒకటి అన్నా, చివర్లో డప్పు తగ్గించమని. “అది నీ టేస్ట్ అన్నా” అన్నాడు. నిజమే, ఉంచేశాడు. ఇప్పుడు విన్నా అదే బాగుంది.

ఇంకా పెద్ద బాక్సుల మీద వేయలేదు. వచ్చే శివరాత్రికి చూద్దాం అంటున్నాడు. ఈలోపు నా పాత ఇయర్‌ఫోన్స్ వాడికిచ్చేశా. మీ దగ్గర కూడా ఎవరిదైనా ట్రాక్ వినకుండా ఉండిపోయి ఉంటే, ఈ రాత్రికి ఓ పది నిమిషాలు తీసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం వినండి. రిప్లై ఆ తర్వాత.