పాఠం 11: గీజరుకు తగిన థర్మోస్టాట్, టైమరు ఎంచుకోవడం

11.1 పరిచయం

ఒక ఇంట్లో గీజరు ఆగిపోయిందనుకుందాం. మెకానిక్ వచ్చి చూశాడు. "థర్మోస్టాట్ పోయిందండీ. కొత్తది ఎందుకు, డైరెక్టు ఇచ్చేస్తాను. నీళ్ళు కాగాక మీరే స్విచ్చి కట్టేసుకోండి" అన్నాడు. ఖర్చు తప్పిందని ఇంటివారు సరేనన్నారు. ఈ నిర్ణయం సరైనదేనా? పాఠం పూర్తయ్యేసరికి మీరే జవాబు చెప్పగలుగుతారు.

11.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
– థర్మోస్టాట్ పనిచేసే తీరును వివరించగలుగుతారు.
– నీరు వేడెక్కడానికి పట్టే కాలాన్ని, ఖర్చయ్యే యూనిట్లను లెక్కించగలుగుతారు.
– మీ గీజరుకు తగిన థర్మోస్టాట్‌ను, టైమరును ఎంచుకోగలుగుతారు.

11.3 థర్మోస్టాట్ ఎలా పనిచేస్తుంది?

వేడి తగిలితే లోహాలు వ్యాకోచిస్తాయని మీకు తెలుసు. కాని అన్ని లోహాలూ ఒకే మేరకు వ్యాకోచించవు. థర్మోస్టాట్‌కు ఈ తేడాయే ఆధారం.

కడ్డీ రకం థర్మోస్టాట్‌లో ఒక ఇత్తడి గొట్టం, దాని లోపల ఇన్వార్ కడ్డీ ఉంటాయి. ఇన్వార్ అంటే సుమారు 36 శాతం నికెల్ కలిసిన ఇనుము. ఇది చాలా తక్కువగా వ్యాకోచిస్తుంది. ఈ మిశ్రలోహాన్ని గియోం అనే శాస్త్రవేత్త 1896లో కనుగొన్నాడు. నికెల్ ఉక్కు లోహాలపై చేసిన కృషికి ఆయనకు 1920లో నోబెల్ బహుమతి లభించింది.

నీరు వేడెక్కినప్పుడు ఇత్తడి గొట్టం సాగుతుంది. కడ్డీ దాదాపు అలాగే ఉంటుంది. ఈ తేడా వల్ల కడ్డీ లోపలికి జరిగి స్విచ్చిని విడదీస్తుంది. కరెంటు ఆగుతుంది. నీరు చల్లారితే స్విచ్చి మళ్ళీ కలుస్తుంది.

గుర్తుంచుకోండి: థర్మోస్టాట్ మీటను ఎక్కువకు తిప్పితే నీరు త్వరగా కాగదు. కాచే కాయిల్ సామర్థ్యం మారదు కదా! మీట చెప్పేది ఎక్కడ ఆగాలో మాత్రమే.

11.4 లెక్క వేద్దాం

15 లీటర్ల గీజరులో 20 డిగ్రీల సెల్సియస్ నీటిని 60 డిగ్రీలకు వేడి చేయాలి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4.2 కిలోజౌళ్ళ శక్తి కావాలి.

కావలసిన శక్తి = 15 × 4.2 × 40 = 2520 కిలోజౌళ్ళు
ఒక యూనిట్ = 3600 కిలోజౌళ్ళు
ఖర్చు = 2520 ÷ 3600 = 0.7 యూనిట్
2000 వాట్ల కాయిల్‌తో పట్టే కాలం = 2520 ÷ 2 = 1260 సెకన్లు, అంటే 21 నిమిషాలు

"రోజంతా వేసి ఉంచితేనే కరెంటు కలిసొస్తుంది" అని కొందరంటారు. ఇది నిజం కాదు. నీరు వేడిగా ఉన్నంతసేపూ వేడి బయటికి పోతూనే ఉంటుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి థర్మోస్టాట్ మళ్ళీ మళ్ళీ కరెంటు తీసుకుంటుంది. గీజరు మీది నక్షత్రాల లేబుల్ ఈ నష్టాన్ని బట్టి ఇచ్చేదే. నక్షత్రాలు పెరిగితే నష్టం తక్కువ.

11.5 థర్మోస్టాట్ ఎంపిక

1. ఆంపియర్లు చూడండి. 2000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే సుమారు 8.7 ఆంపియర్లు వస్తాయి. 3000 వాట్లకు 13 ఆంపియర్లు. కనుక 16 ఆంపియర్ల రకం తీసుకోండి.
2. పాత కడ్డీ పొడవు కొలిచి, అదే పొడవున్నది కొనండి.
3. నీరు మితిమీరి కాగితే కరెంటును ఆపే కటౌట్ వేరుగా ఉందో, థర్మోస్టాట్‌లోనే కలిసి ఉందో తెలుసుకోండి.

మీటను 60 డిగ్రీల దగ్గర ఉంచితే సాధారణంగా చాలు. 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది. చన్నీళ్ళు కలిపాకే పిల్లలకు పోయండి.

11.6 టైమరు ఎంపిక

థర్మోస్టాట్ చూసేది ఉష్ణోగ్రతను; టైమరు చూసేది గడియారాన్ని. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకూడదు. తెల్లవారి ఆరు గంటలకు స్నానమైతే, 5.30కి కలిసి 6.00కు ఆగేలా టైమరు పెట్టుకోవచ్చు.

కరెంటు పోయినప్పుడు, బ్యాటరీ లేని తిరుగుడు టైమరు గడియారం కూడా ఆగిపోతుంది. గంట కరెంటు పోతే గీజరు గంట ఆలస్యంగా వెలుగుతుంది. కోతలున్న ఊళ్ళలో బ్యాటరీ ఉన్న ఎలక్ట్రానిక్ టైమరు మేలు. టైమరు కూడా 16 ఆంపియర్లదే ఉండాలి. 6 ఆంపియర్లది పెడితే కాలిపోయే ప్రమాదం ఉంది.

11.7 మొదటి ప్రశ్నకు జవాబు

డైరెక్టు ఇచ్చిన గీజరును ఒక్కరోజు కట్టడం మరిచిపోతే నీరు మరిగి ఆవిరవుతుంది. మామూలు పీడనం వద్ద నీరు ఆవిరైతే సుమారు 1600 రెట్లు చోటు కావాలి. కటౌట్, పీడనాన్ని వదిలే వాల్వు కూడా పనిచేయకపోతే ట్యాంకు పేలవచ్చు. మనిషి మరుపును నమ్ముకుని థర్మోస్టాట్ తీసివేయకూడదు. ఆ ఇంటివారి నిర్ణయం తప్పు. కొత్తది వేయించేటప్పుడు మెయిన్ ఆపించండి. ఎర్త్ తీగ సరిగా ఉందో చూపించుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 25 లీటర్ల నీటిని 20 నుంచి 60 డిగ్రీలకు వేడి చేయడానికి 2000 వాట్ల గీజరుకు ఎంతసేపు పడుతుంది?
2. మీట పెంచితే నీరు త్వరగా కాగుతుందా? ఎందుకు?

జవాబులు

1. 4200 కిలోజౌళ్ళు, 2100 సెకన్లు, అంటే 35 నిమిషాలు.
2. కాగదు. కాయిల్ సామర్థ్యం మారదు. ఆగే ఉష్ణోగ్రత మాత్రమే మారుతుంది.