చెట్లు గాలిని పాడుచేస్తాయా?

"చెట్ల వల్ల కూడా గాలి కాలుష్యం అవుతుందట, నిజమేనా సిస్టర్?" అని మమ్మల్ని అడిగేవారున్నారు. ఇందులో సగం నిజముంది. ఆ సగం విని ఇంటి ముందు చెట్టు కొట్టించకుండా, మిగతా సగం కూడా తెలుసుకుందాం.

ఓజోన్ వాయువు ఆకాశంలో చాలా ఎత్తున ఉండి సూర్యుని హానికర కిరణాలను ఆపుతుంది. అక్కడ అది మేలు. అదే వాయువు మనం పీల్చే గాలిలో పెరిగితే గొంతు మంట, దగ్గు, ఛాతీలో నొప్పి వస్తాయి. ఆస్తమా ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది.

నేల దగ్గర ఓజోన్ తయారవడానికి మూడు కావాలి. ఒకటి, లారీలు, బస్సులు, జనరేటర్లు, మంటల నుండి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు. రెండు, గాలిలో కలిసే కర్బన ఆవిర్లు. మూడు, ఎండ. ఈ ఆవిర్లు పెట్రోలు, పెయింట్ల నుండే కాక ఆకుల నుండి కూడా వస్తాయి. జామాయిల్ ఆకు నలిపితే వచ్చే ఘాటు అలాంటిదే. ఐసోప్రీన్ అనే ఆవిరిని కొన్ని చెట్లు ఎండ, వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా వదులుతాయి, రాత్రి ఆపేస్తాయి. ప్రపంచంలోని మొక్కలన్నీ కలిసి ఏటా సుమారు 50 కోట్ల టన్నుల ఐసోప్రీన్ వదులుతాయని అంచనా. అమెరికాలోని అట్లాంటా నగరంపై 1988లో వెలువడిన పరిశోధన, ఓజోన్ తయారీలో చెట్ల ఆవిర్లకు ముఖ్య పాత్ర ఉందని చూపింది.

మరి మన నల్లమల సంగతి? పాలు ఎన్ని ఉన్నా తోడు వేయనిదే పెరుగు కాదు. అలాగే చెట్లెన్ని ఉన్నా, పొగ కలవనిచోట ఆ ఆవిర్లు ఓజోన్‌ను పెద్దగా పెంచవు. చెట్టు కొట్టేస్తే నీడ పోయి వేడి పెరుగుతుంది. తగ్గించవలసింది పొగనే.

ఆస్తమా రోగులు, పలకల గనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, పిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్లవారు ఇవి పాటించండి:

1. ఎండాకాలంలో మధ్యాహ్నం నుండి సాయంత్రం వరకు ఓజోన్ ఎక్కువ. బరువు పనులు ఉదయమే ముగించండి.

2. గుడ్డ మాస్కు దుమ్మును కొంత ఆపుతుంది గాని ఓజోన్‌ను ఆపదు.

3. డాక్టరు రోజూ వాడమన్న ఇన్‌హేలర్‌ను ఆయాసం లేని రోజున కూడా మానవద్దు.

4. చెత్త, పత్తి కట్టె, మిరప కట్టె తగలబెట్టవద్దు.

5. మాట్లాడటానికి ఊపిరి అందకపోయినా, పెదవులు నీలంగా మారినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

చెట్టును ఉంచుకుందాం, మంటను ఆర్పుదాం.