మీ ఎక్స్‌రే మరో డాక్టరుగారికి ఎందుకు పంపుతాం?



“ఫోటో తీసి ఇంకో డాక్టరుకు పంపారట. మన డాక్టరుగారికి తెలియదా?” అని వార్డులో మమ్మల్ని అడుగుతుంటారు. ఈ అనుమానంతో కొందరు ఆపరేషను వద్దని వెళ్ళిపోతారు. తిరిగి వచ్చేసరికి జబ్బు ముదిరిపోతుంది.

చిన్న ఆసుపత్రిలో ఎముకలు, కడుపు, కాన్పు అన్నీ ఒక్క సర్జనే చూడవలసి రావచ్చు. అరుదైన కేసులో మరొకరిని అడగడం మంచిదే. 1999లో బంగ్లాదేశ్‌లోని సావర్‌లో, వెన్నెముక దెబ్బతిన్నవారిని చూసే ఆసుపత్రి డిజిటల్ ఫోటోలను ఈమెయిల్‌లో పంపితే, స్విన్‌ఫెన్ ట్రస్టు ద్వారా దూరదేశపు నిపుణులు ఉచితంగా సలహా ఇచ్చారు. 2000లో మన చిత్తూరు జిల్లా అరగొండలోనూ టెలిమెడిసిన్ మొదలైంది.

సలహా దూరం నుండి వచ్చినా, మిమ్మల్ని చేత్తో పరీక్షించి నిర్ణయించేది ఇక్కడి డాక్టరుగారే. ప్రాణాపాయమైతే జవాబు కోసం ఆగం.

మీరు చేయవలసినవి:

1. పాత చీటీలు, ఎక్స్‌రేలు, స్కానులు పారేయకుండా తీసుకురండి.
2. షుగరు, బి.పి., వాడే మందులు, పడని మందులు దాచకుండా చెప్పండి.
3. ఫోటో పంపేముందు మీ అనుమతి అడుగుతాం. పేరు, ముఖం కనబడకుండా పంపమని మీరు కోరవచ్చు.

సందేహముంటే ఇంటికి వెళ్ళిపోకండి, వార్డు సిస్టరును అడగండి. ప్రభువు మీకు స్వస్థత దయచేయును గాక.